శరత్కాలపు పాలు, ఆకు చుట్టిన బ్లూ చీజ్

(పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల నెలవారీ కలయికలో, పాల పరిశ్రమలో చాలాకాలం పనిచేసిన ఒక మిత్రుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని ఎక్కించాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందాండీ? సరే. చీజ్ గురించి మాట్లాడమంటే మొదట నేను నవ్వాను. మనవాళ్ళకి చీజ్ అంటే పిజ్జా మీద సాగేది, లేదా పిల్లల డబ్బాలోకి పెట్టే పసుప్పచ్చ బిళ్ళ. లోపల నీలం బూజు చారలుండే బ్లూ చీజ్ అంటే మరీను, బూజు పట్టింది పారెయ్యమంటారు. మా ఇంట్లో నిజంగానే ఒకసారి పారేశారు. ఎవరు పారేశారో చెప్పను, ముందు వరసలోనే కూర్చున్నారు.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఒక్క చీజ్ గురించే. పేరు రోగ్ రివర్ బ్లూ. మన ఒరెగాన్‌దే. ఇక్కణ్ణించి ఐదో నంబరు ఫ్రీవే మీద దక్షిణంగా నాలుగు గంటలు పైన పోతే మెడ్‌ఫర్డ్ వస్తుంది, దాన్ని ఆనుకుని సెంట్రల్ పాయింట్ అని చిన్న ఊరు. క్రేటర్ లేక్ చూడ్డానికి మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. ఆ కొండల్లో పుట్టిన రోగ్ నది ఆ లోయ మీదుగా పారి గోల్డ్ బీచ్ దగ్గర పసిఫిక్‌లో కలుస్తుంది. సెంట్రల్ పాయింట్‌లో రోగ్ క్రీమరీ అని ఉంది. వాళ్ళు చేస్తారు దీన్ని.

ఎప్పుడు చేస్తారు? అసలు సంగతి అదండీ. సెప్టెంబరులో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు ఉంటుంది కదా, ఆ రోజు నుంచి డిసెంబరులో పగలు అన్నిటికన్నా పొట్టిగా ఉండే రోజు దాకా. అంతే. సుమారు మూడు నెలలు. మిగతా తొమ్మిది నెలలూ అదే ఆవులు పాలిస్తాయి, అదే మనుషులు వేరే చీజ్‌లు చేస్తారు, కానీ ఇది మాత్రం చెయ్యరు. ఎందుకు చెయ్యరు? డబ్బు చేదా? అమ్ముడుపోదా? చేసిందంతా అమ్ముడుపోతుంది. అయినా చెయ్యరు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ, అక్కడ మన దేశంలో కానీ తర్వాత ఇక్కడ కానీ, చేసిన పని ఏమిటో తెలుసా? పాలకి ఋతువు తెలియకుండా చెయ్యడం. అవునండీ, మేం జీతం తీసుకున్నది దానికే. మన దగ్గర టోన్డ్ పాలంటే వెన్న 3 శాతం, వెన్న కాక మిగతా ఘనపదార్థాలు 8.5 శాతం. స్టాండర్డైజ్డ్ అంటే వెన్న 4.5. ఫుల్ క్రీమ్ అంటే 6. మే నెలలో ఎండకి గేదె తిండి మానేసినా, పుష్యమాసంలో పాలు పొంగి పొర్లినా, మీ గుమ్మం ముందు పడే ప్యాకెట్‌లో మాత్రం అదే అంకె ఉండాలి. ఎక్కువైన వెన్న తీసేస్తాం, తక్కువైతే కలుపుతాం. తప్పని నేను అనడం లేదు. కోట్లమందికి రోజూ పాలు పొయ్యాలంటే అలాగే చెయ్యాలి. కాకపోతే అన్నేళ్ళు ఆ పని చేసినవాడికి, ఏడాదిలో ఫలానా మూడు నెలల పాలే కావాలి, మిగతావి నాకొద్దు అని ఒకడు భీష్మించుకు కూర్చుంటే ఎలా ఉంటుంది? నాకు మతి పోయింది. అందుకే దీని వెంటబడ్డాను.

సరే, ఆ మూడు నెలల పాలలో ఏముంది? దక్షిణ ఒరెగాన్ వేసవి మన పోర్ట్‌లాండ్ వేసవిలా ఉండదు, వేడీ ఎక్కువ, వాన ఉండదు. కొండలన్నీ ఎండుగడ్డి రంగుకి తిరుగుతాయి. శరత్తు మొదట్లో వానలు మొదలయ్యేసరికి పచ్చిక మళ్ళీ చిగురుస్తుంది. ఆవులు ఆ లేత పచ్చిక మేస్తాయి. ఇది ఒక కారణం. రెండోది, ఇది ఒక్క ఒరెగాన్‌కే కాదు, చాలాచోట్ల అంతే: వేసవి నడిమధ్యలో ఆవు పాలలో వెన్నా మాంసకృత్తులూ తక్కువగా ఉంటాయి, చలి మొదలయ్యేసరికి రెండూ పెరుగుతాయి. ఎండకి పశువు తక్కువ తింటుంది, నీళ్ళు ఎక్కువ తాగుతుంది. పగటి పొడవు కూడా పాల మీద పనిచేస్తుందని పశువైద్యులు చెప్తారు. చీజ్ చేసేవాడికి కావలసింది ఆ రెండే కదా, వెన్నా మాంసకృత్తులూ. మిగతాది చాలావరకూ నీళ్ళే, అందులో ఎక్కువ భాగం తీసి పారబోసేదే. మామూలు లెక్కన పది లీటర్ల పాలకి కిలో చీజ్ వస్తుందనుకోండి, పాలు చిక్కబడేకొద్దీ ఆ లెక్క మెరుగవుతుంది. లెక్క సంగతి పక్కన పెట్టినా, నోట్లో వెన్నలా కరిగే గుణం ఆ పాల వల్లే వస్తుంది.

ఇక ఈ ఊళ్ళోకి బ్లూ చీజ్ ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో. సిసిలీ నుంచి వలస వచ్చిన టామ్ వెల్లా అనే ఆయన 1930లలో ఈ క్రీమరీ మొదలుపెట్టాడు. కాలిఫోర్నియాలో సొనోమాలో ఆయనకి అప్పటికే ఇంకో చీజ్ వ్యాపారం ఉంది. యుద్ధం రోజుల్లో సైన్యానికి చెడ్డార్ అనే గట్టి చీజ్ పంపించారు ఇక్కణ్ణించి. 1950లలో ఆయన ఫ్రాన్స్‌లో బ్లూ చీజ్‌కి పేరుపడ్డ రోక్‌ఫోర్ అనే ఊరు వెళ్ళాడు. రోక్‌ఫోర్ ఉన్నది కొంబలూ అనే కొండ పక్కన. ఆ కొండ ఎప్పుడో విరిగి కూలింది. కూలినచోట రాళ్ళ మధ్య పగుళ్ళు ఏర్పడ్డాయి. వాటిలోంచి ఏడాది పొడుగునా చల్లటి తేమగాలి గుహల్లోకి వస్తుంటుంది. ఆ గాల్లో చీజ్ ముగ్గుతుంది. అక్కడ చట్టం కూడా ఉంది, 1925 నుంచి. లకోన్ జాతి గొర్రెపాలతో చేసి, ఆ ఊళ్ళో ఆ గుహల్లో ముగ్గబెట్టింది మాత్రమే రోక్‌ఫోర్. చేసిన రోజు నుంచి మొత్తం కనీసం 90 రోజులు ముగ్గాలి.

వెల్లా ఇదంతా చూసొచ్చాడు. సెంట్రల్ పాయింట్‌లో గుహలెక్కడివి? కట్టించాడు! కాంక్రీటుతో, పైకప్పు గుండ్రంగా వంగి ఉండేట్టు గదులు కట్టించి అందులో చల్లదనమూ తేమా నిలిపాడు. కప్పు ఎందుకు వంపుగా ఉండాలి? బల్లపరుపు కప్పు అయితే పట్టిన చెమ్మ బొట్లుబొట్లుగా చీజ్ మీదే పడుతుంది. వంపు ఉంటే గోడల వెంట జారిపోతుంది. చిన్న విషయమే, కానీ తెలిసినవాడు కట్టిన గది అని దాన్ని చూస్తేనే తెలుస్తుంది. టామ్ తర్వాత కొడుకు ఇగ్ వెల్లా చూసుకున్నాడు. 2002లో డేవిడ్ గ్రెమెల్స్, కేరీ బ్రయంట్ అని ఇద్దరికి అమ్మాడు. ఈ శరత్కాలపు చీజ్ వీళ్ళిద్దరి పుణ్యమే.

ఇప్పుడు అసలు పని. పాలలో ముందు తోడు వేస్తారు. పెరుగు తోడులాంటిదే, బాక్టీరియా. తర్వాత రెనెట్ వేస్తారు, పాలు విరక్కుండా ముద్దగా గడ్డకడతాయి. మీరు అడగబోయేది నాకు తెలుసు, రెనెట్ శాకాహారమా? ఒకప్పుడు దూడ కడుపులోంచి తీసేవారు. ఇప్పుడు సూక్ష్మజీవుల నుంచి తీసిందీ ఉంది. అన్ని చీజ్‌లకీ ఒకే జవాబు లేదు, ప్యాకెట్ మీద వెజిటేరియన్ అని రాసుందో లేదో చూసుకుని తినండి. రోక్‌ఫోర్ అయితే అడగక్కర్లేదు, అది జంతువు రెనెట్టే.

పాలలోనే బూజు విత్తులు కూడా కలుపుతారు. దాని పేరు పెనిసీలియం రోక్‌ఫోర్టి. 1906లో చార్ల్స్ థామ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పెట్టిన పేరు. పెన్సిలిన్ మందు ఇందులోంచే వచ్చిందా అంటే కాదు, 1928లో ఫ్లెమింగ్ గారి పళ్ళెంలో పెరిగింది దీని దాయాది, వేరే జాతి. ఇంకో మాట, దయచేసి ఇది గుర్తుంచుకోండి. ఈ బూజు తినొచ్చు కదా అని రేపు ఆవకాయ మీద పట్టిన బూజు పక్కకి నెట్టి తినకండి. బ్రెడ్ మీదది అసలు తినకండి. ఇది ఎంచి, పెంచి, పరీక్షించి వేసిన బూజు. ఇంట్లో దానంతటది వచ్చినదాని గోత్రం మనకి తెలీదు.

గడ్డకట్టిన పాలని ముక్కలుగా కోస్తారు, మెల్లగా కలుపుతారు, నీరు తీసేసి ఆ ముక్కల్ని గుండ్రటి అచ్చుల్లో పోస్తారు. ఇక్కడ చూడండి, చెడ్డార్ అయితే బరువు పెట్టి నొక్కేస్తారు. బ్లూ చీజ్‌ని నొక్కరు. నొక్కితే చచ్చింది. తిరగేస్తూ, మళ్ళీ తిరగేస్తూ, దాని బరువుకే అది నీరు వదిలేట్టు చేస్తారు. ఎందుకంటే లోపల ముక్కకీ ముక్కకీ మధ్య సందులు ఉండాలి. ఆ సందులే రేపు నీలం చారలయ్యేది. తర్వాత ఉప్పు. ఉప్పు రుచికి మాత్రమే కాదు, పరాయి క్రిముల్ని ఆపడానికి కూడా. మన బూజు ఉప్పుని తట్టుకుంటుంది, చాలా క్రిములు తట్టుకోలేవు.

ఇలా చేసిన చీజ్‌ని అప్పుడే కోసి చూస్తే ఎలా ఉంటుందనుకుంటున్నారు? నీలంగా? కాదండీ, మల్లెపువ్వులా తెల్లగా ఉంటుంది. బూజు విత్తులు లోపల నిండా ఉన్నాయి, తిండి ఉంది, తేమ ఉంది. అయినా మొలవవు. ఏం తక్కువైంది? గాలి! బూజుకి ప్రాణవాయువు కావాలి. అందుకని పొడుగాటి స్టీలు సూదులతో చీజ్‌ని ఒక వైపు నుంచి ఇంకోవైపుకి గుచ్చుతారు, డజన్లకొద్దీ బెజ్జాలు. ఆ బెజ్జాల వెంట గాలి లోపలికి పోతుంది, ముక్కల మధ్య సందుల్లోకి పాకుతుంది, దాని వెనకే బూజు పాకుతుంది. మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు 21 శాతం. దీనికి అంత అక్కర్లేదు, ఐదు శాతం ఉన్నా బతికేస్తుంది. అందుకే అంత ఇరుకులోనూ పెరుగుతుంది, చాలా బూజులు పెరగలేవు.

ఇదిగో, ఈ ముక్క ఎత్తి చూపిస్తాను, దగ్గరున్నవాళ్ళు చూడండి. చారలు రెండు రకాలుగా ఉన్నాయి, కనిపిస్తోందా? ఇవి వంకరటింకరగా, రాతి పగుళ్ళలా ఉన్నాయి, ఇవి ముక్కల మధ్య సందులు. ఇదొకటి చూడండి, స్కేలు పెట్టి గీసినట్టు పైనుంచి కిందకి తిన్నగా ఉంది. ఇది సూది పోయిన దారి. ఇకమీదట ఏ బ్లూ చీజ్ కొన్నా ముందు ఆ తిన్నటి గీత వెతకండి, మనిషి చెయ్యి పడిన చోటు అదే.

ఆ ఘాటు వాసన సంగతి. అక్కయ్యా, ముక్కు మూసుకోవద్దు, చెప్తాను. బూజు రెండు పనులు చేస్తుంది. మాంసకృత్తుల్ని విరగ్గొడుతుంది, దాంతో చీజ్ మెత్తబడుతుంది, రుచి లోతు పెరుగుతుంది. వెన్నని కూడా విరగ్గొడుతుంది. వెన్నలోంచి కొవ్వు ఆమ్లాలు విడిపోతాయి, వాటిని బూజు ఇంకాస్త మార్చి మిథైల్ కీటోన్లు అనే పదార్థాలు చేస్తుంది. బ్లూ చీజ్ వాసన అని మనం గుర్తుపట్టేది ప్రధానంగా ఆ కీటోన్లనే. ఇప్పుడు మళ్ళీ శరత్కాలానికి రండి. వాసనా రుచీ పుట్టేది వెన్నలోంచి అయితే, వెన్న ఎక్కువున్న నెల పాలు ఎందుకు కావాలో తెలిసిపోయింది కదా? బూజుకి ముడిసరుకు అదే మరి.

ఇంతవరకూ చెప్పింది ఏ బ్లూ చీజ్‌కైనా వర్తిస్తుంది. ఈ చీజ్ ప్రత్యేకం ఇప్పుడు మొదలవుతుంది. దీనికి ఆకు చుడతారు. సీరా రకం ద్రాక్ష ఆకులు, ఆ లోయ చుట్టుపక్కల తోటల్లో కోసినవే. ఆ ఆకుల్ని పియర్ పండ్ల నుంచి దించిన మద్యంలో నానబెడతారు. పియర్లే ఎందుకు? మెడ్‌ఫర్డ్ వైపు వసంతంలో వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు, రోడ్డు పక్కన తెల్లటి పూలతో ఉండేవన్నీ పియర్ తోటలే. ఆ లోయ పియర్లకి దేశమంతా పేరు. నానిన ఆకుల్ని ఒకదాని మీద ఒకటి పరిచి, చీజ్‌ని చేత్తో చుట్టి, నారతో కడతారు. ఒక్కో చీజ్ ఓ రెండు కిలోల పైన తూగుతుంది. యంత్రం లేదు, ఒక్కొక్కటీ మనిషే చుట్టాలి.

మా కోనసీమవాళ్ళు పొట్టిక్కలు తిన్నారు కదా? పనసాకు బుట్టలో ఉడికిన ఇడ్లీకి ఆకు వాసన ఎలా పడుతుందో ఇదీ అలాగే. పిండి అదే, ఆకుతో వేరే తిండి అయిపోతుంది. కాకపోతే పొట్టిక్కకి పావుగంట చాలు, దీనికి నెలలు. పైగా ఈ ఆకు ఇంకో పని కూడా చేస్తుంది. సూదులతో గాలి లోపలికి పంపారు, బూజు పెరిగింది. దాన్ని అలాగే వదిలేస్తే ఇంకా ఇంకా పెరిగి చీజ్ కారంగా, చేదుగా, పొడిపొడిగా అయిపోతుంది. ఎక్కడో ఆపాలి. ఆకు చుడితే గాలి తగ్గుతుంది, తేమ లోపలే ఉండిపోతుంది. బూజు నెమ్మదిస్తుంది, కానీ అది అంతకుముందే వదిలిన ఎంజైములు, అంటే వెన్ననీ మాంసకృత్తుల్నీ విరగ్గొట్టే పదార్థాలు, లోపల పనిచేస్తూనే ఉంటాయి. తలుపు తీసి పిలిచిందీ వీళ్ళే, తలుపు వేసిందీ వీళ్ళే.

ఆకు చుట్టడం వీళ్ళు కొత్తగా కనిపెట్టింది కాదులెండి. ఫ్రాన్స్‌లో బనోన్ అనే మేకపాల చీజ్‌కి చెస్ట్‌నట్ ఆకులు చుడతారు. స్పెయిన్‌లో వాల్‌దెయోన్ అనే బ్లూ చీజ్‌కీ ఆకులే. వీళ్ళు తమ లోయలో పండే ద్రాక్షా పియరూ తెచ్చి దానికి జత చేశారు.

అలా చుట్టి తొమ్మిది నుంచి పదకొండు నెలలు ఆ గదుల్లో ఉంచుతారు. అంటే లెక్కేసుకోండి. ఈ శరత్తులో చేసింది వచ్చే శరత్తుకి బయటికొస్తుంది. మళ్ళీ పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకి ఏటా విడుదల. కొత్త పాలు తొట్టిలో పోస్తున్న రోజుల్లోనే నిరుటి చీజ్ దుకాణానికి వెళ్తుంది. ఖరీదు నేను చెప్పను, దుకాణంలో చూసి మీరే నన్ను తిట్టుకోండి.

2019 అక్టోబరులో ఇటలీలోని బెర్గామోలో వరల్డ్ చీజ్ అవార్డ్స్ జరిగాయి. 42 దేశాల నుంచి 3,804 చీజ్‌లు. చివరికి రెండు మిగిలాయి. ఒకటి ఇది. రెండోది పార్మిజానో రెజ్జానో, ఇటలీవాళ్ళ ప్రాణం, వాళ్ళ గడ్డ మీద. రెండింటికీ మార్కులు సమానం! జ్యూరీ అధ్యక్షుడి ఓటు అటో ఇటో పడాలి. ఇటు పడింది. అమెరికా చీజ్‌కి ఆ పోటీలో మొదటి స్థానం రావడం అదే మొదలు. ఇంకో తమాషా ఏమిటంటే, సరిగ్గా ఆ రోజే, అక్టోబరు 18నే, పార్మిజానోతో సహా యూరప్ చీజ్‌ల మీద అమెరికా వేసిన 25 శాతం సుంకం అమల్లోకి వచ్చింది. ఇటలీవాళ్ళకి ఆ రోజు భోజనం సయించిందో లేదో!

అంతకు ముందు ఏడాదే, 2018లో, ఆ క్రీమరీని ఫ్రాన్స్‌కి చెందిన సవెన్సియా అనే పెద్ద కంపెనీ కొనేసింది. చేతివృత్తి అంటూనే పెద్ద కంపెనీ ఏమిటని మీలో ఒకరిద్దరు మొహం చిట్లించారు, చూశాను. నాకూ కాస్త గుచ్చుకుంది. కానీ నేను చూసేది ఒక్కటే, ఆ మూడు నెలల నియమం ఉందా పోయిందా అని. అమ్మకం పెరిగిందని ఏప్రిల్ పాలతో కూడా ఈ పేరు మీద చేసిన రోజున నేను కొనడం మానేస్తాను.

చివరగా, మీలో కొందరు ఫోన్‌లో అడిగారు, ఇలాంటిది మన దగ్గర చెయ్యలేమా అని. చల్లటి తేమ గది హైదరాబాద్‌లోనైనా కట్టొచ్చు, కరెంటు బిల్లు కట్టగలిగితే. నాకు నచ్చే ప్రశ్న వేరే. ఏ నెల పాలతో చెయ్యాలి? మనవి గేదెలు. గేదె పాలలో వెన్న ఏడు శాతం దాకా ఉంటుంది, అంటే బూజుకి పండగే. ఆవు పాలకుండే పసుపు ఛాయ వీటికి ఉండదు, తెల్లటి ముద్దలో నీలం చార ఇంకా బాగా తేలుతుంది. ఇది నా ఊహ కాదు, ఆ బెర్గామో ప్రాంతంలోనే గేదె పాలతో బ్లూ చీజ్ చేసేవాళ్ళున్నారు. గేదె పాలు తొందరగా, గట్టిగా గడ్డకడతాయి కాబట్టి కొయ్యడంలో మెళకువ మార్చుకోవాలి, అంతే. ఇక మన గేదెలు ఎక్కువగా ఈనేది వానాకాలం నడిమి నుంచి చలికాలం దాకా. గట్ల మీద వానల పచ్చిక ఇంకా ఉంటుంది, ఎండ తగ్గుతుంది. నన్నడిగితే కార్తీకం నుంచి పుష్యం దాకా. ఆ నెలల్లోనే డెయిరీలకి పాలు ఎక్కువొచ్చి ఏం చెయ్యాలో తోచక పొడి చేస్తారు. నేనూ చేశాను.

మరి ఆకు ఏది? ద్రాక్షాకు మన దగ్గర అందరికీ దొరకదు. మోదుగాకు విస్తరి వాసన బాగుంటుంది కానీ ఎండితే విరుగుతుంది. బాదమాకు పెద్దది, వంగుతుంది, దాని వగరు ఎక్కువేమో. పనసాకు చిన్నది, కుట్టాలి. ఆ మూల కూర్చున్న మాస్టారు ఏదో అంటున్నారు, మైకు ఆయనకివ్వండి. ఏమిటండీ, టేకాకా? చీజ్ ఎర్రబడిపోతుందేమోనండీ!